మన ఇళ్ళలో బ్రెజిల్ జెండా ఎందుకు?

2010వ సంవత్సరం జూన్ నెలలో డర్బన్ నగరం పసుపు రంగు చొక్కాలతో నిండిపోయినది. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు మన దేశానికి, అందులోనూ మన ఊరికి వచ్చిన రోజులవి. మా ఇంట ఆ నెలలో పసుపు చొక్కాలు ఏడు ఉండినవి. వాటిలో నాలుగు మన బఫానా బఫానా జట్టువి, మూడు బ్రెజిల్‌వి. రెండు జట్ల రంగూ పసుపే గనుక వీధిన పోయేవారికి తేడా తెలియలేదు. మా మనవడికి మాత్రం తెలిసినది.

"తాతా, మన దేశం ఆడుతుంటే నీవు పరాయి దేశం చొక్కా తొడుక్కున్నావేమి?" అని అడిగినాడు.

వాడికి అప్పుడు పన్నెండేళ్ళు. 1998లో పుట్టినాడు. వాడు కళ్ళు తెరిచిన నాటికే దక్షిణాఫ్రికాకు ఒక జట్టు ఉన్నది. అది ఆ ఏడాదే మొదటిసారి ప్రపంచ కప్పులో ఆడినది కూడా. వాడి వయసులో నాకు అటువంటి జట్టు లేదు. "అలవాటురా" అని చెప్పి ఊరకున్నాను. అది జవాబు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మన పాఠకుల ఇళ్ళలో కూడా పిల్లలు ఈ ప్రశ్న వేసే ఉంటారు. కనుక ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ కొంచెం విపులంగా చెప్పదలచినాను.

మొదట ఒక సంగతి. సాకర్ మనకు నిన్న మొన్న టెలివిజన్‌లో వచ్చిన ఆట కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ 342 మందితో నేటాల్ రేవుకు చేరినది. 1911లో ఈ కూలి ఒప్పందాలు నిలిచేనాటికి ఒక లక్షా యాభై రెండు వేల మంది వచ్చినారు. విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి మన పెద్దలు వచ్చినది ఆ యాభై ఏళ్ళలోనే. అదే కాలంలో ఇంగ్లీషు సిపాయిలు ఈ ఆటను నేటాల్‌కు తెచ్చినారు. వారు ఆడుతుంటే కంచె బయట నిలిచి చూసి మనవారు నేర్చుకున్నారు. తోటలో వారానికి ఆరు రోజులు చెరకు. మిగిలినది ఆదివారం ఒక్కటే. క్రికెట్టు ఆడవలెనంటే బ్యాటు కావలె, చదునైన నేల కావలె, తీరిక కావలె. సాకర్‌కు ఒక బంతి చాలు. ఆ బంతి కూడా గోనెపీలికలు చుట్టి తాడుతో బిగించినదే అని మా తాత చెప్పేవాడు. సర్దారు కొడుకూ, కూలివాని కొడుకూ ఒకే జట్టులో ఆడినది ఈ ఆటలోనే అని కూడా చెప్పేవాడు. అంత మాట పూర్తిగా నమ్మనవసరం లేదు. పెద్దలు తమ కాలాన్ని గూర్చి చెప్పేటప్పుడు కొంచెం తీపి కలుపుతారు.

ఆట త్వరలోనే ఒక పద్ధతికి వచ్చినది. 1903లోనే దక్షిణాఫ్రికా భారతీయుల ఫుట్‌బాల్ సంఘం ఏర్పడినది. కింబర్లీలోని సామ్ చైనా అనే భారతీయ వర్తకుడు ఇచ్చిన కప్పు కోసం రాష్ట్రాల జట్లు పోటీపడినవి. సామ్ చైనా కప్పు అంటే ఇప్పటికీ డర్బన్ ముసలివారి ముఖం వెలుగుతుంది. 1921లో ఆల్బర్ట్ క్రిస్టఫర్ నాయకత్వంలో మనవారి జట్టు ఒకటి ఓడెక్కి భారతదేశం వెళ్ళి, 1922 దాకా అక్కడ ఆడి, కలకత్తాలో మోహన్ బగాన్ జట్టును కూడా ఎదుర్కొన్నది. కూలి ఒప్పందం మీద ఓడ దిగినవారి బిడ్డలు ఆటగాళ్ళుగా అదే సముద్రం దాటి వెళ్ళినారు. నా దృష్టిలో మన మొదటి అంతర్జాతీయ పోటీలు అవే. 1934లో భారతదేశపు జట్టు ఒకటి ఇక్కడికి వచ్చి ఆడిపోయినది.

1920ల నుండి డర్బన్‌లో మన ఆటకు కర్రీస్ ఫౌంటెన్ మైదానమే గుడి, సంత, సభామండపం. మేము సోమ్‌ట్సూ రోడ్డు పక్కన ఉన్న మేగజీన్ బారకాసులలో ఉండేవారము. మున్సిపాలిటీ చాకిరీ చేసే కుటుంబాల ఇళ్ళవి. తెలుగు, అరవం కలగలిపి మాట్లాడుకునే చోటు. ఆదివారం పగలు మా మామ నన్ను భుజం మీద ఎక్కించుకొని కర్రీస్ ఫౌంటెన్‌కు తీసుకుపోయేవాడు. గడ్డిగట్టు మీద కూర్చొని, బన్నీ చౌలోని చిక్కుడుగింజల కూరను రొట్టెముక్కతో అద్దుకొని తింటూ చూసేవారము. 1961లో జాతిభేదం లేని వృత్తి క్రీడాకారుల లీగ్ మొదలైనప్పుడు ఎవాలన్ అథ్లెటిక్, ఏసెస్ యునైటెడ్ మా ఊరి జట్లు. జోహానెస్‌బర్గ్ నుండి ఆర్లాండో పైరేట్స్, మొరోకా స్వాలోస్ వచ్చేవారు. ఆఫ్రికనులు, కలర్డ్‌వారు, మనవారు ఒకే జట్టులో ఆడినారు, ఒకే గట్టు మీద కూర్చున్నారు. చట్టం వద్దన్న పని అది.

లీగ్ అయిదారేళ్ళు కూడా నిలువలేదు. జనం రాక కాదు, మైదానాలు ఇవ్వక. ఊరూరా మున్సిపాలిటీలు తాళాలు వేసినవి. 1966 నాటికి అది ముగిసినది. ఆ కాలంలోనే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద మా బారకాసులను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు తరలించినారు.

ఇక ప్రపంచ పోటీల సంగతి. ఇక్కడే మా మనవడి ప్రశ్నకు అసలు జవాబు ఉన్నది.

1957లో ఖార్టూంలో ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యను ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా కలిసి స్థాపించినవి. స్థాపించినవారిలో ఉండి కూడా మొదటి ఆఫ్రికా కప్పులో మన దేశం ఆడలేదు. తెల్లవారి సంఘం అన్ని జాతుల వారినీ కలిపిన జట్టును పంపనన్నది; మిగిలినవారు అట్లయితే రావద్దన్నారు. ప్రపంచ సంస్థ అయిన ఫీఫాలో మన దేశం పేర ఉన్నదీ ఆ తెల్లవారి సంఘమే. ఆఫ్రికనులు, కలర్డ్‌వారు, భారతీయులు కలిసి 1951లో ఏర్పరచుకున్న సాకర్ ఫెడరేషన్‌లో సభ్యులు దానికంటే ఎక్కువ. ఎక్కువమంది ఆడే సంఘానికి పేరు లేదు, తక్కువమంది ఆడేదానికి ఉన్నది. డర్బన్ న్యాయవాది జార్జి సింగ్ గారు ఫెడరేషన్ పక్షాన ఫీఫాకు ఏళ్ళ తరబడి లేఖల మీద లేఖలు వ్రాసి ఈ ఒక్క విషయాన్నే అడిగినారు.

1961లో ఫీఫా తెల్లవారి సంఘాన్ని సస్పెండు చేసినది. 1963 జనవరిలో ఫీఫా అధ్యక్షుడు సర్ స్టాన్లీ రౌస్ స్వయంగా వచ్చి చూసి పోయిన తర్వాత దానిని ఎత్తివేసినారు. అప్పుడు ఆ సంఘం ఒక ఉపాయం చెప్పినది: 1966 ప్రపంచ కప్పుకు మొత్తం తెల్లవారి జట్టును, 1970 కప్పుకు మొత్తం నల్లవారి జట్టును పంపుతామన్నది. ఇది హాస్యానికి చెప్పుతున్నది కాదు, నిజంగా జరిగినదే. మా మామ ఆ వార్త పత్రికలో చదివి, "మరి మనం ఏ సంవత్సరం ఆడుదుము?" అని అడిగినాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. 1964లో టోక్యో సభలో ఫీఫా మళ్ళీ సస్పెండు చేసినది. 1976 జూన్‌లో సొవెటోలో పిల్లల మీద తుపాకులు పేలిన తర్వాత, ఆ యేడే మాంట్రియల్‌లో పూర్తిగా బహిష్కరించినది.

మా తరం సాకర్ పిచ్చివాళ్ళ పరిస్థితి చూడండి. నాలుగేళ్ళకొకసారి ప్రపంచమంతా పోటీ జరుగుతుంది. మన దేశం అందులో లేదు. లేకపోవడమే న్యాయమని మనమే కోరుకున్నాము. కాని ఆట మీద ప్రేమ చావదు గదా! ఎవరో ఒకరిని మనవారనుకోవలె.

బ్రెజిల్‌ను అట్లు అనుకున్నాము. 1958లో స్వీడన్‌లో పదిహేడేళ్ళ పెలే ప్రపంచ కప్పు గెలిచినాడు. నల్లవారు, తెల్లవారు, మధ్య రంగులవారు కలిసి ఆడి ప్రపంచంలో మొదటి స్థానం పొందిన జట్టది. మరుసటి ఏడు, 1959లో, పోర్చుగీజా సాంటిస్టా అనే బ్రెజిల్ క్లబ్బు కేప్‌టౌన్‌కు వచ్చినది. నల్ల ఆటగాళ్ళను మైదానంలోకి దింపవద్దని ఇక్కడివారు అన్నారు. బ్రెజిల్ అధ్యక్షుడు కుబిచెక్ కలుగజేసుకున్నాడు, మ్యాచి రద్దయినది. ఈ కథను మా బారకాసులలో ఎన్నిసార్లు ఎన్ని విధాల చెప్పుకున్నారో లెక్కలేదు. ఆడని ఆ ఒక్క మ్యాచి కోసమే మా మామ చచ్చేదాకా బ్రెజిల్ మనిషిగా ఉన్నాడు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. తెల్లవారి మైదానాలకు బయటి దేశాల జట్లు వస్తే మనకు ఒక మూల కంచె వేసి జాగా ఇచ్చేవారు. ఆ మూల నుండి చప్పట్లు ఎప్పుడూ వచ్చిన జట్టుకే. సాకర్‌కైనా, క్రికెట్టుకైనా, రగ్బీకైనా అంతే. సొంత దేశం ఓడితే సంతోషించుట మంచి గుణమని నేను చెప్పను. కాని ఆ జట్టు మనదని ఆ కంచె చెప్పలేదు.

1992 జూలై 3న ఫీఫా తలుపు తెరిచినది. నాలుగు రోజులకే, జూలై 7న, మొదటి మ్యాచి డర్బన్‌లోనే, కింగ్స్ పార్కు మైదానంలో జరిగినది. ఎదుట కామెరూన్, రెండేళ్ళ క్రితం ప్రపంచ కప్పులో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు. ఆట ముగియవచ్చే వేళ డాక్టర్ ఖుమాలో పెనాల్టీని గోలు చేయగా మనవారు 1–0తో గెలిచినారు. నేను అక్కడ ఉన్నాను. నా పక్కన మా బారకాసుల నాటి పెద్దాయన ఒకాయన ఉన్నారు. గోలు పడగానే మైదానమంతా లేచినది. ఆయన మాత్రం కూర్చునే ఉన్నారు. "ఏమి బాబాయ్?" అంటే, "చేతులు రావడం లేదురా, ముప్ఫై ఏళ్ళు అవతలివాళ్ళకే కొట్టినాను" అన్నారు. కాసేపటికి కొట్టినారు.

తర్వాతి కథ మీకు తెలిసినదే కనుక త్వరగా చెప్పుతాను. 1996 ఫిబ్రవరి 3న ట్యునీషియాను 2–0తో ఓడించి ఆఫ్రికా కప్పు గెలిచినాము. రెండు గోళ్ళూ మార్క్ విలియమ్స్‌వి. శిక్షకుడు మన డర్బన్ మనిషి క్లైవ్ బార్కర్. 1996–97లో కొత్తగా వచ్చిన ప్రీమియర్ సాకర్ లీగ్‌ను మొట్టమొదట గెలిచినది చాట్స్‌వర్త్ జట్టు మానింగ్ రేంజర్స్. 1928లో పుట్టిన క్లబ్బది. పదేళ్ళు తిరిగేసరికి అమ్ముడుపోయి, పేరు మారి, ఊరు విడిచిపోయినది. ఈ సంగతి ఎప్పుడు తలచినా నాకు కష్టంగానే ఉంటుంది. నేటి పిల్లలు మాంచెస్టర్, లివర్‌పూల్ ఆటగాళ్ళ పేర్లన్నీ ఒప్పచెప్పగలరు. రేంజర్స్‌లో ఒక్కరి పేరు అడగండి.

2010 ప్రపంచ కప్పులో డర్బన్‌లో ఏడు మ్యాచీలు జరిగినవి. అవి జరిగిన మోసెస్ మబీడా మైదానం, 106 మీటర్ల ఎత్తు కమానుతో, మా పాత సోమ్‌ట్సూ రోడ్డుకు పెద్ద దూరంలో లేదు. జర్మనీ నాలుగు గోళ్ళతో ఆస్ట్రేలియాను ముంచినది ఇక్కడే. తర్వాత కప్పు గెలిచిన స్పెయిన్‌ను స్విట్జర్లాండు ఓడించినదీ, అదే స్పెయిన్ సెమీఫైనల్‌లో పుయోల్ తలతో కొట్టిన గోలుతో జర్మనీని దాటినదీ ఇక్కడే. మాకు టికెట్టు దొరికినది మాత్రం జూన్ 25న జరిగిన బ్రెజిల్, పోర్చుగల్ మ్యాచికి. యాభై ఏళ్ళు ఎదురుచూసిన బ్రెజిల్! ఒక్క గోలు పడలేదు. 0–0. వువుజెలాల హోరుకు చెవులు రెండు రోజులు పనిచేయలేదు. మనవడు దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

మనవారి ఆట మూడు రోజుల ముందే ముగిసినది. ఎట్లు ముగిసినదో ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దలు ఇప్పటికీ అడుగుతుంటారు గనుక లెక్క చెప్పుతాను. గ్రూపులో నాలుగు జట్లు. ప్రతి జట్టుకూ మూడు ఆటలు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. మొదటి రోజు మెక్సికోతో షబలాలా అద్భుతమైన గోలు కొట్టినా చివరికి 1–1. ఉరుగ్వేతో 0–3. ఫ్రాన్సుపై 2–1. మొత్తం 4 పాయింట్లు. మెక్సికోకూ 4 పాయింట్లే. అట్లు సమానమైనప్పుడు వేసిన గోళ్ళలో నుండి తిన్న గోళ్ళు తీసివేస్తారు. మెక్సికో 3 వేసి 2 తిన్నది. మనము 3 వేసి 5 తిన్నాము. ఉరుగ్వే వేసిన మూడు గోళ్ళే మనలను ముంచినవి. పోటీలు జరిపిన దేశం మొదటి దశలోనే వెనుదిరగడం ప్రపంచ కప్పు చరిత్రలో అదే మొదటిసారి.

అప్పటి నుండి ఆట ఇంకా పెరిగినది. మన ఆడపిల్లల జట్టు బన్యానా బన్యానా 2022లో ఆఫ్రికా కప్పు గెలిచినది. 2023 ప్రపంచ కప్పులో ఇటలీని 3–2తో ఓడించి రెండవ దశకు చేరినది. మగవారు అప్పటికి చేయలేని పని. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా కప్పు క్వార్టర్ ఫైనల్‌లో గోలీ రాన్వెన్ విలియమ్స్ కేప్‌వెర్డ్ వారి పెనాల్టీలు నాలుగింటిని పట్టినాడు. ఆ రాత్రి మా వీధిలో నిద్రపోయిన ఇల్లు లేదు. ప్రపంచ కప్పు కూడా పెద్దదైనది. 1966లో 16 జట్లు. ఆఫ్రికాకు ఖాయమైన స్థానం ఒక్కటీ లేదని ఆ ఖండమంతా దానిని బహిష్కరించినది. 1982లో 24, 1998లో 32, 2026కు 48. ఇందులో ఆఫ్రికాకు నేరుగా తొమ్మిది స్థానాలు. 2025 అక్టోబరులో రువాండాను 3–0తో ఓడించి మనవారు అందులో ఒకటి సంపాదించినారు.

ఆ డిసెంబరులో చీటీలు తీసిన రాత్రి మనవడు టెలిఫోను చేసినాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఏడేళ్ళు. "తాతా, 2026 జూన్ 11న మొదటి మ్యాచి మనకూ మెక్సికోకే! 2010లో లాగే. ఈసారి వాళ్ళ ఊళ్ళో" అన్నాడు. పన్నెండు గ్రూపులలో మూడవ స్థానం వచ్చిన జట్లలో కూడా ఎనిమిదింటిని పైకి తీసుకుంటారని వాడే విప్పి చెప్పినాడు. ఈ నియమం 2010లో ఉండి ఉంటే మన 4 పాయింట్లకు దాదాపు తప్పక పైకి వెళ్ళేవారమట. "బ్రెజిల్ వేరే గ్రూపులో పడిందిలే, నీకు ఇబ్బంది లేదు" అని కూడా అన్నాడు. నా పాత చొక్కా పొట్ట దగ్గర పట్టడం లేదని, ఈసారి కొనేటప్పుడు బఫానాదే ఒకటి, పెద్ద సైజుది, నాకూ తెమ్మని చెప్పినాను.