పత్రములను దిద్దు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట ప్రాంతపు బాలురకు మగ్గమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మగ్గముమీద నున్నంతవరకు పోగును మార్చవచ్చును. బట్ట నేసి దింపిన పిమ్మట ఒక్క పోగును లాగినను నేత చెదరును. కంప్యూటరులో వ్రాసికొను మూలప్రతికిని, పీడీఎఫ్ పత్రమునకును గల భేదము ఇట్టిదే.

పీడీఎఫ్ పద్ధతిని అడోబీ సంస్థ 1993లో వెలువరించినది. ఏ యంత్రముమీద తెరచినను పుట ఒకే రీతిగా కనబడవలెననుట దాని ఉద్దేశము. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. కావున దానిని చదువుటకు, దిద్దుటకు తగిన సాఫ్ట్‌వేరును ఎవరైనను నిర్మింపవచ్చును. ఈ పత్రములో ముఖ్యముగా ఉండునది, ఏ అక్షరరూపము పుటలో ఏ తావున నిలువవలెనను వివరమే. గుణింతములు, ఒత్తులు గల తెలుగునకు ఈ చిక్కు మరింత ఎక్కువ. యూనికోడుకు పూర్వపు పద్ధతి ఫాంట్లతో కూర్చిన పత్రమునుండి తెలుగు మాటను తీసి వేరొకచోట నుంచినచో, అర్థములేని గుర్తులు వచ్చుట కలదు.

పీడీఎఫ్‌ను దిద్దు సాఫ్ట్‌వేరులలో కొన్నింటి ధర మిక్కిలి ఎక్కువ. అందుచే కొందరు దొంగప్రతులను వాడుదురు. మరికొందరు ఆధార్ కార్డును, మార్కుల పత్రమును ఊరు పేరు తెలియని వెబ్‌సైట్లకు పంపుదురు. మొదటిది చట్టవిరుద్ధము. రెండవది ఇంటి తాళపుచెవిని దారిన పోవువానికి ఇచ్చుటవంటిది.

ఈ రెండును గాక మూడవ మార్గ మొకటి కలదు. 1983లో అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అను ప్రయత్నమును ప్రకటించెను. సాఫ్ట్‌వేరును ఏ పనికైనను వాడుటకు, దాని నిర్మాణమును పరిశీలించి మార్చుటకు, ప్రతులను పంచుటకు, మార్చిన ప్రతులను సైతము పంచుటకు ప్రజలకు స్వేచ్ఛ యుండవలెనని ఆయన వాదము. నేతగాడు తన మగ్గమును తానే విప్పి చూచి బాగుచేసికొనగలుగుట వంటిదే ఈ స్వేచ్ఛ. ఇందు ధర లేకుండుటకంటె స్వేచ్ఛయే ప్రధానము. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ ఈ మార్గముననే తెలుగువారికొరకు కృషి చేయుచున్నది.

పనిని బట్టి పనిముట్టును ఎన్నుకొనవలెను. పుటలను కలుపుటకు, విడదీయుటకు, వరుస మార్చుటకు ‘పీడీఎఫ్ అరేంజర్’ తగును. దరఖాస్తులోని ఖాళీలు నింపుటకు, పుటపై గుర్తులు పెట్టుటకు ‘ఓక్యులర్’ ఉపకరించును. అక్షరములను దిద్దుటకు ‘లిబ్రెఆఫీసు’లోని ‘డ్రా’, బొమ్మలను దిద్దుటకు ‘ఇంక్‌స్కేప్’ కలవు. వీనిని ఆయా నిర్మాతల సొంత వెబ్‌సైట్లనుండియే తెచ్చుకొనవలెను. ఒకసారి కంప్యూటరులో చేర్చుకొనిన పిమ్మట ఇంటర్నెట్టు లేకున్నను ఇవి పనిచేయును. పత్రము ఇల్లు దాటిపోదు.

ఐనను ‘డ్రా’లో తెరచినప్పుడు తెలుగు వాక్యములు చెదరవచ్చును. కావున మూలప్రతి దొరకునేమో మొదట విచారించుట మేలు. లిబ్రెఆఫీసులో పీడీఎఫ్‌ను సిద్ధపరచునపుడు మూలప్రతిని దానిలోనే పొదుగుటకు వీలు కలదు. అట్టి పత్రమును తిరిగి సులభముగా దిద్దవచ్చును.

తాను వ్రాసిన దరఖాస్తులోని తప్పును దిద్దుకొనుట నేర్పు. ఇతరులిచ్చిన మార్కుల పత్రములో అంకెను మార్చుట నేరము. పనిముట్టునకు ఈ భేదము తెలియదు. దానిని పట్టిన చేతికి తెలియవలెను.