చెరువులకు చేపవిత్తనము

ఓరుగల్లు సీమలో చెరువు లేని ఊరు అరుదు. పాకాల, రామప్ప, లక్నవరము కాకతీయులనాటి నుండి మనకు సంక్రమించిన సొత్తు. ఈ నీట వరి పండుచున్నది. బెస్తల, ముదిరాజుల వల నిండుచున్నది. కాని ఇందొక వింత గలదు. బొచ్చె, రవ్వ, మోసు అను మేలిజాతి చేపలు మన చెరువులలో ఏపుగా పెరుగును, గ్రుడ్లతో కడుపు నిండును. అయినను నిలువనీట సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వాటికి వరదనీటి పరుగు కావలెను. అందుచేత ఏటేట పిల్లలను తెచ్చి వదలవలసియున్నది.

పూర్వము ఈ పిల్లలను వరదకాలమున నదులలో పట్టెడివారు. వానితోపాటు పనికిరాని జాతులును, తోడి పిల్లలను మ్రింగునవియు కలసి వచ్చెడివి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదురి, కె. హెచ్. అలికున్హి గార్లు ఈ చిక్కు విప్పిరి. చేప మెదడు క్రింద నుండు పీయూషగ్రంథిని తీసి, దాని రసమును తల్లిచేపకు సూదితో ఎక్కించి, గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు.

ఈ పద్ధతిలో ఆడుచేపకు ఆరుగంటల ఎడముతో రెండుమార్లు, మగచేపకు ఒకమారు మందు నిత్తురు. తరువాత నాలుగైదు గంటలకు గ్రుడ్లు పడును. ఇప్పుడు ఒకేమారు ఇచ్చు తయారుమందులును వచ్చినవి.

గడ్డిచేప, వెండిచేప మందిచ్చినను తమంతట గ్రుడ్లు విడుచుట అరుదు. 1959లో విదేశములనుండి తెచ్చిన ఈ చేపలకు 1962లో కటకమున కృత్రిమ ఫలదీకరణము సాధించిరి. తల్లి పొట్టను మెల్లగా ఒత్తి గ్రుడ్లను పొడిపళ్లెములోనికి రాబట్టి, మగచేప పాలు చేర్చి, ఈకతో కలిపి, పిమ్మట నీరు పోయుదురు. పళ్లెము పొడిగా నుండుట ముఖ్యము. నీరు తగిలిన ఉత్తరక్షణమున వీర్యకణములు చలించును, సుమారొక నిమిషములో శక్తి కోల్పోవును. గ్రుడ్డు ద్వారమును మూతపడును.

ఫలించిన గ్రుడ్డు గాజుపూసవలె స్వచ్ఛముగా నుండును, చెడినది తెల్లబారును. పెక్కు సముద్రపుచేపల గ్రుడ్లు ఉప్పునీటిపై తేలును. మన చేపల గ్రుడ్లు నీటికంటె కొంచెము బరువు. నిలువనీట అడుగునకు దిగి, ప్రాణవాయువు చాలక చచ్చును. పూర్వము వాటిని చెరువులోనే హాపా అను గుడ్డతొట్టిలో పలుచగా పరచెడివారు. నేడు వలయాకారపు తొట్టిలో నీటిని ఎడతెగక త్రిప్పుచు, గ్రుడ్లను తేల్చియుంచుచున్నారు. సుమారు 14 నుండి 18 గంటలలో పిల్ల వెలికివచ్చును. మూడుదినములు పొట్టసంచిలోని పచ్చసొనయే దానికి ఆహారము.

2016లో తెలంగాణ ప్రభుత్వము చెరువులకు ఉచితముగా చేపపిల్లల పంపిణీ ఆరంభించినది. లెక్క ఎంత ముఖ్యమో, పుట్టుక అంతకంటె ముఖ్యమని మా మనవి. ఒకే తల్లిదండ్రుల సంతతిని తరతరములు జతపరచినచో పిల్లల ఎదుగుదల తగ్గును. పలుజాతులను ఒకే తొట్టిలో విడిచినచో సంకరములు పుట్టును. ఆ లోపము చిన్నపిల్లలో కంటికి కానరాదు. ఏడాది గడచి వల లాగినప్పుడు, జాలరి తక్కెడలో తెలియును. వరివిత్తనము కొనునప్పుడు రైతు ఎట్లు విచారించునో, చేపవిత్తనము దింపుకొనునప్పుడు సంఘమువారును అట్లే విచారింపవలెను: దీని తల్లిచేప ఎక్కడిది?