పాత ఇంటిపేరుతో మళ్లీ సెకండ్ లైఫ్‌లోకి

సెకండ్ లైఫ్‌లో మనిషి వయసు ఇంటిపేరే చెప్పేస్తుంది. 2010కి ముందు ఖాతా తెరిచినవాళ్లు పేరు తమకు నచ్చింది పెట్టుకుని, ఇంటిపేరు మాత్రం కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఏరుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత చేరినవాళ్లందరిదీ ఒకే ఇంటిపేరు, ‘రెసిడెంట్’. 2020 నుంచి డబ్బు కడితే ఇంటిపేర్లు మళ్లీ ఇస్తున్నారు గానీ, ఖాతా పుట్టిన తేదీ మామూలుగా ప్రొఫైల్‌లో కనిపిస్తుంది కాబట్టి ఆ పప్పులు అంతగా ఉడకవు. ఏళ్ల తర్వాత నేను లాగిన్ అయి, కొత్తవాళ్లు దిగే స్వాగత కేంద్రంలో నిలబడ్డానో లేదో, ఎవరో పలకరించారు: “అరే, 2007 మనిషి! ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లారండీ?”

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003 జూన్ 23న ఈ ఆన్‌లైన్ ప్రపంచాన్ని జనానికి తెరిచింది. స్థాపకుడు ఫిలిప్ రోజ్‌డేల్. చూడ్డానికి వీడియో గేమ్‌లా ఉంటుంది గానీ ఇందులో గెలవడం, ఓడడం లేవు. మనకో బొమ్మ ఉంటుంది, అదే అవతార్. దాన్ని నడిపిస్తాం, ఎగరేస్తాం, నలుగురితో మాట్లాడిస్తాం. చెట్లూ ఇళ్లూ బట్టలూ చాలావరకు అక్కడ తిరిగే జనం తయారుచేసుకున్నవే. వాటిని లిండెన్ డాలర్లకు అమ్ముకోవచ్చు. మేం తిరిగిన రోజుల్లో అవి రెండొందల యాభై పైచిలుకు ఇస్తే ఒక అసలు డాలరు వచ్చేది.

నేను చేరిన నాటికి అమెరికాలోని ఎడిసన్‌లో ఉన్నాం. నాది హెచ్-4 వీసా, అంటే మావారి ఉద్యోగం మీద వెళ్లిన భార్యగా. ఆ వీసా మీద ఉన్నవాళ్లెవరికీ 2015 దాకా ఉద్యోగం చేసే అనుమతి లేదు. పొద్దున ఎనిమిదింటికి తలుపు మూసుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఏడాదికి 72 డాలర్ల సభ్యత్వం కడితే సెకండ్ లైఫ్‌లో 512 చదరపు మీటర్ల స్థలానికి నెలవారీ రుసుము ఉండేది కాదు. గజాల్లో చెప్పాలంటే ఆరువందల పన్నెండు. హైదరాబాద్‌లో అంత స్థలముంటే ఈపాటికి ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

ఆ స్థలంలో 117 ప్రిమ్‌లకే చోటు. ప్రిమ్ అంటే చెక్కదిమ్మ లాంటి ఒక మూల ఆకారం. సాగదీసి, చెక్కి, ఒకదానికొకటి అతికించి ఏదైనా కట్టాలి. ఒక్కో ప్రిమ్ పది మీటర్లకు మించి సాగేది కాదు, అందుకని పొడుగు గోడకి రెండు పోయేవి. నేను ముందు కట్టింది తులసి కోట. దానికే తొమ్మిది ప్రిమ్‌లు ఖర్చయ్యేసరికి కిటికీలు తగ్గించుకున్నాను. సంక్రాంతికి కాగితం మీద చుక్కల ముగ్గు వేసి, ఫొటో తీసి, పది లిండెన్ డాలర్లు కట్టి లోపలికి ఎక్కించి గుమ్మం ముందు పరిచాను. చీర కట్టడం అంతకన్నా పెద్ద యాతన. ఒంటికి రంగు పూసినట్టు బట్ట అతుక్కునేది. కొంగు మాత్రం వంగే రకం ప్రిమ్‌తో చేస్తే గాలికి రెపరెపలాడేది, కూర్చుంటే కుర్చీలోంచి అవతలికి పొడుచుకొచ్చేది.

పక్క స్థలం ఒహాయోలో రిటైరైన నర్సమ్మది. ఆవిడ అవతార్ ఉడత. ముగ్గు చూడ్డానికి వచ్చి, తొక్కొచ్చా లేదా అని అడిగి మరీ చుట్టూ తిరిగింది. అలా మొదలైంది స్నేహం.

పత్రికలకు అప్పట్లో ఆ ప్రపంచమంటే భలే మోజు. 2006లో బిజినెస్ వీక్ ముఖచిత్రమేసింది, రాయిటర్స్ సంస్థ లోపలే బ్యూరో తెరిచింది. 2007 మేలో స్వీడన్ విదేశాంగ మంత్రి కార్ల్ బిల్ట్ అక్కడ తమ దేశ ఎంబసీ భవనాన్ని ప్రారంభించారు. వీసాలేమీ ఇచ్చేవాళ్లు కాదు, సమాచార కేంద్రం లాంటిది. పెద్ద పెద్ద బ్రాండ్లు దీవులు కొనుక్కుని షోరూములు కట్టాయి. నేనూ రెండు మూడింటికి వెళ్లాను, లోపల పురుగు కూడా లేదు. రెండేళ్లు తిరక్కుండానే ఒక్కొక్కరూ దుకాణం సర్దేశారు. వాళ్లు వెళ్లిపోయారు కాబట్టి ఊరే పోయిందని రాశాయి పత్రికలు. ఉన్నవాళ్లం వాళ్లు రావడమే సరిగ్గా గమనించలేదు, పోవడం గమనిస్తామా?

తర్వాత పాప పుట్టింది. మేం హైదరాబాద్ వచ్చేశాం. స్థలం నేనే వదిలేశాను.

ఈసారి లాగిన్ అయినప్పుడు కాసేపు నేను ఉత్త మేఘాన్ని. అవతార్ పూర్తిగా దిగేదాకా తెల్లటి పొగ ముద్దలా కనిపించడం అక్కడి రివాజు. పొగ విడిపోయేసరికి పాత చీరలో నేను, తలకి జానెడు పైన తేలుతూ నా జుట్టు. చుట్టూ ఉన్నవాళ్లందరివీ 2011 తర్వాత వచ్చిన మెష్ శరీరాలు, వేలి గోళ్లతో సహా నిజమనిపించేవి. మా అమ్మాయి వెనక నుంచి చూసి, “అమ్మా, ఇది నువ్వా?” అని పడీపడీ నవ్వింది. తను రోబ్లాక్స్ ఆడుతుంది. అందులో బొమ్మలు పెట్టెల్లా ఉంటాయని మాత్రం తనకు గుర్తు రాలేదు.

సామాన్ల జాబితాలో ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డరుంటుంది. స్థలం పోతే దానిమీద ఉన్న మన వస్తువులన్నీ అక్కడికి చేరతాయి. తులసి కోట ఉంది. ముగ్గూ ఉంది. పరుచుకోవడానికే చోటు లేదు. స్నేహితుల జాబితాలో పేర్లన్నీ ఉన్నాయి గానీ చాలావరకు మసగ్గా, అంటే వాళ్లెవరూ ఆన్‌లైన్‌లో లేరు. వెలుగుతున్న ఒకటి రెండు పేర్లలో ఉడతమ్మది ఒకటి.

“ముందు ఆ జుట్టు మార్చుకో,” అంది. ఇదే మొదటి మాట. ఒక ఉచిత జుట్టు పంపించింది కూడా.

ఏ ఊరైనా తిరిగి వెళ్లినవాణ్ణి గుర్తుపట్టాలంటే కదలకుండా ఉన్నవాళ్లు కొందరుండాలి. సెకండ్ లైఫ్‌లో ఆ పని హోస్టులు చేస్తారు. డీజే పాటలు వేస్తుంటే హోస్టు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్లనీ పేరు పెట్టి పలకరించాలి. నోరు మెదపనివాళ్లతో రెండు మాటలు టైపు చేయించాలి, పోకిరీలను బయటికి పంపాలి. చేతికొచ్చేది ఏవో కాసిని టిప్పులు. ఉడతమ్మ ఏళ్లుగా ఈ పనిలో ఉంది. వైకల్యం ఉన్నవారి కోసం వర్చువల్ ఎబిలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ అక్కడ సొంత దీవి నడుపుతోంది. దాని బండి లాగేదీ ఇలాంటివాళ్లే. ఈ చాకిరీ లేకపోతే ఆ స్థలం కంపెనీ సర్వరులో ఒక ఫైలు, అంతే.

సర్వరు లేకపోతే వీళ్లూ ఏం చేయలేరన్నది రెండో సంగతి. గూగుల్ 2008లో తెచ్చిన ఇలాంటి ప్రపంచమే లైవ్లీ, ఆ ఏడాది ఆఖరుకే మూతపడింది. దేర్ అనే ప్రపంచాన్ని 2010లో మూసి 2012లో మళ్లీ తెరిచారు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ ఆట 2012 నవంబరులో ఆగిపోతే, ఆటగాళ్లు తమ సొంత సర్వర్ల మీద నడుపుకొన్నారు. హోమ్‌కమింగ్ అనే బృందానికి అసలు కంపెనీ 2024లో లైసెన్సు ఇచ్చింది. సెకండ్ లైఫ్ ఏ రోజూ అలా మూతపడలేదు. పాత సర్వర్ల నుంచి అమెజాన్ క్లౌడ్‌కి మారినప్పుడూ నా ముగ్గు చెక్కుచెదరలేదు. కంపెనీని మెచ్చుకోవాల్సింది అందుకే, గ్రాఫిక్స్‌కి కాదు.

2019లో తెరిచిన బెల్లిసేరియా ఖండంలో సభ్యులకు కట్టిన ఇళ్లు ఇస్తున్నారు, పడవిళ్లు కూడా ఉన్నాయి. ఉడతమ్మ తన పక్కింటికి వచ్చేయమంటోంది. తులసి కోట పడవ మీద ఎలా పెట్టనని బేరాలాడుతున్నాను. ఈలోగా నన్ను పనిలో పెట్టేసింది. అక్కడి గడియారం కాలిఫోర్నియాది. వాళ్ల శనివారం సాయంత్రం ఏడంటే మనకు ఆదివారం పొద్దున ఏడున్నర. ఆ డాన్సులో మొదటి గంట గుమ్మం దగ్గర పలకరింపులు నావి. నవంబరులో అమెరికావాళ్లు గడియారం వెనక్కి తిప్పితే ఎనిమిదిన్నరవుతుంది. అప్పుడిక ఇడ్లీలు ముందే దించేసి కూర్చోవాలి.