అమ్మ పెరడు: సంక్రాంతి నుంచి ఉగాది దాకా

పైన వీడియోలో మా పుట్టింటి పెరడు చూశారు కదా. బెండ మడులు, బీర పందిరి, వరసకో బంతి మొక్క, మూలన మల్లెపొదలు. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ పది నిమిషాల్లో చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ రాస్తున్నా.

మాది మైలవరం వైపు ఒక చిన్న ఊరు. పెంకుటిల్లు, వెనకాల పది సెంట్ల పెరడు, ఎర్రనేల. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ పెరడు ఆయనదే. 2023 కార్తీకంలో నాన్న పోయారు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, నాలుగేళ్లు మందుల షాపులో పనిచేసి, ఇప్పుడు అత్తగారి ఊళ్లో కూరగాయల నారు పెంచి అమ్ముకుంటున్నా. తమ్ముడిది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంట్లో అమ్మ ఒక్కతే.

ఏడాది తిరిగాక సంవత్సరికానికి అందరం కలిశాం. పెరట్లో మోకాలెత్తు వయ్యారిభామ. అమ్మ ఒకపూటే వండుతోందని, అదీ పచ్చడీ మజ్జిగే అని పక్కింటి పిన్ని చెప్పింది. తమ్ముడు ఆ రాత్రే మాటెత్తాడు. "అక్కా, పెరడు పక్కకి రోడ్డు వచ్చింది. మంచి రేటు అడుగుతున్నారు. అమ్మని నాతో తీసుకెళ్తా. ఇక్కడ ఒక్కతీ ఏం చేస్తుంది?"

వాడన్నది తప్పని నేను అనలేను. నేను వారానికోసారి వచ్చి వెళ్లేదాన్నే. అందుకే వాదించలేదు. "ఒరేయ్, ఉగాది దాకా ఆగు. అప్పుడు నువ్వే వచ్చి చూసి చెప్పు" అన్నా. అమ్మ ఏమీ అనలేదు. గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

ముందు మనిషిని చూసి, తర్వాత మడి

మనం రైతులం కదా, నేల కనిపిస్తే మొత్తం దున్నేయాలనిపిస్తుంది. పది సెంట్లూ వేసేద్దామనే అనుకున్నా. కానీ అమ్మకి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. నేనుండేది వారానికి ఒక్కరోజు. మిగతా ఆరు రోజులూ చేసేది అమ్మే. అందుకని మూడు సెంట్లే తీసుకున్నా. మిగతా నేలలో నవధాన్యాలు చల్లేసి వదిలేశాం. కలుపు అణిగింది, నేలకీ మంచిదే.

మూడు అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవుతో పది మడులు చేశాం. అటు నుంచీ ఇటు నుంచీ చెయ్యి అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. అందుకే మూడడుగులు మించలేదు. మడిని అడుగు ఎత్తు లేపాం. మధ్యలో రెండడుగుల దారి. అమ్మ చిన్న పీట వేసుకుని కూర్చుని కలుపు తీసుకునేలా. ఇంట్లో పెద్దవాళ్ల కోసం పెరడు వేసేవాళ్లు ఈ దారి విషయం మర్చిపోవద్దు. మొక్కల కోసం దారి తగ్గిస్తే నెల తిరిగేసరికి లోపలికి వెళ్లేవాళ్లు ఉండరు.

జీవామృతం కూడా ఇంటి కొలతలోనే చేశాం. ఎకరాకు 200 లీటర్లు అంటే సెంటుకు 2 లీటర్లు. మా పది సెంట్లకీ 20 లీటర్లు సరిపోతుంది. 20 లీటర్ల నీళ్లకి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు పెట్టి, రోజుకి రెండు మూడుసార్లు కర్రతో కలపాలి. వారంలోపు వాడేయాలి. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్నప్పుడు పదింతలు నీళ్లు కలిపి మొదళ్లలో పోశాం, పదిహేను రోజులకోసారి. పేడ, మూత్రం పిన్ని వాళ్ల నాటు ఆవువి. బదులుగా ఆకుకూర ఇచ్చే ఒప్పందం.

ఏవి ఎప్పుడు

సంక్రాంతి వెళ్లిన వారంలోనే విత్తనాలు పెట్టేశాం. వేసవి కూరగాయలకి జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి అదును. ఆలస్యమైతే పూత సమయానికి ఎండ ముదురుతుంది. బెండకైతే తెల్లదోమ పెరిగి పల్లాకు తెగులు తెస్తుంది. బెండని వరసల మధ్య అడుగున్నర, మొక్కల మధ్య జానెడు దూరంలో పెట్టాం. వేసవిలో మొక్క వర్షాకాలమంత గుబురుగా పెరగదు, కాస్త దగ్గరగా వేసినా పర్లేదు.

మొదటి మడి మాత్రం కావాలనే తోటకూర, మెంతికూర వేశా. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. నెలలోపు అమ్మ చేతికి ఏదో ఒకటి రావాలి. రెండు నెలలు ఎదురుచూడమంటే ఆ మనసుతో ఆవిడ ఎదురుచూడదని నాకు తెలుసు.

టమాటా, వంగ నారు మా నర్సరీదే. టమాటాతో పాటు బంతి తప్పనిసరి. శనగపచ్చ పురుగు బంతి పూల మీద గుడ్లు పెడుతుంది, టమాటా మీద కొంత బరువు తగ్గుతుంది. అయితే చాలామంది రెండు నార్లూ ఒకే వయసువి నాటి, "బంతి పెట్టాం, ఏం లాభం లేదు" అంటారు. రెండూ ఒకేసారి పూతకి రావాలి. అందుకే 40, 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు కలిపి నాటాలి. పదహారు టమాటా వరసలకి ఒక బంతి వరస పొలంలో లెక్క. పెరట్లో ప్రతి మడి చివరా రెండేసి బంతి మొక్కలు పెట్టేశాం. పూలు గుమ్మానికి వస్తాయి, పురుగు మన కంట్లో పడుతుంది. పూలలో పురుగు కనిపిస్తే ఏరేయాలి. వదిలేస్తే అదే ఇంకో తరం అవుతుంది.

నేను చేసిన తప్పు

రోజూ రైతులకి సలహాలు చెప్పేదాన్ని, నా పుట్టింట్లోనే బోల్తా పడ్డా. ఆచ్ఛాదన కదా అని వరిగడ్డి మందంగా, వంగ మొక్కల మొదళ్లకి ఆనించి కప్పేసి వెళ్లిపోయా. వారం తర్వాత వచ్చేసరికి 14 మొక్కలు వాడిపోయాయి. పీకి చూస్తే మొదట్లో చెదలు. ఎర్రనేల, ఎండుగడ్డి, పైపైన తడి. చెదలకి అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు అమ్మ మొదటిసారి తనంతట తానుగా పెరట్లోకి వచ్చి నిలబడింది. "మీ నాన్న గడ్డి మొక్కకి తగలనిచ్చేవారు కాదే. చుట్టూ చోటు వదిలి బూడిద వేసేవారు" అంది. నన్ను తిట్టిందో, నాన్నని తలుచుకుందో తెలియలేదు. గడ్డి జానెడు వెనక్కి జరిపాం. మొదళ్లలో వేపపిండి వేశాం, అమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి చల్లింది. గడ్డి కింద దాకా తడి అందేలా నీళ్లు పెట్టాం. మళ్లీ నాటిన మొక్కలు నిలబడ్డాయి. అప్పటి నుంచీ పొద్దున్నే ఫోన్ నేను చేయాల్సిన పనిలేదు. అమ్మే చేసేది. "అమ్మాయ్, సొరకి అన్నీ ఉత్త పూలే వస్తున్నాయి, పిందె లేదు."

సాయంత్రం పూసే పూలు

ఈ ప్రశ్న మీలో చాలామంది అడిగారు. తీగజాతిలో ముందు మగ పూలు వస్తాయి, తర్వాతే ఆడ పూలు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడ పువ్వు. కంగారు పడి తీగ పీకేయొద్దు. ఆడ పూలు వచ్చాక కూడా పిందె పసుపు రంగుకి తిరిగి రాలుతుంటే పరాగం అందలేదేమో చూడాలి. దోస, కాకర పొద్దున పూస్తాయి, తేనెటీగలు చూసుకుంటాయి. సొర, బీర సాయంత్రం పూస్తాయి. చీకటిపడే వేళ తిరిగే పురుగులు తక్కువున్న చోట మనమే సాయం చేయాలి. మగ పువ్వు కోసి, రేకులు తీసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా తాకిస్తే చాలు.

అమ్మ ఆరు గంటలకి టార్చిలైటు పట్టుకుని పందిరి కిందకి వెళ్లేది. తమ్ముడి కూతురు వీడియో కాల్‌లో "నానమ్మా, ఆ తెల్ల పువ్వు, ఆ పక్కది" అంటూ లెక్కపెట్టేది. ఈ పని కోసం రోజూ ఆ వేళకి ఫోన్ చేసేది. అంతకుముందు నెలకోసారి కూడా మాట్లాడని పిల్ల.

పండుఈగ మాత్రం కాకరని వదల్లేదు. పుచ్చిన కాయలు కోసి పెరట్లోనే పారేస్తే లాభం లేదు. లోపలి పురుగు నేలలోకి దిగి మళ్లీ ఈగై లేస్తుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. అలా చేసినా సగం కాకర పోయింది. ఉన్నమాట చెప్పాలి కదా.

మల్లెలు

నాన్న పెట్టిన మల్లెపొదలు నాలుగు. ఆయన పోయిన తర్వాతి వేసవిలో ఒక్క దండకి సరిపడా పూలు కూడా రాలేదు. పొద మాత్రం పచ్చగా, ఏపుగా ఉంది. ఎందుకో అమ్మని అడిగితే చెప్పింది. నాన్న రోజూ నీళ్లు పోసేవారని, ఆయన పోయాక ఆ ఒక్క పనీ మానకుండా చేసిందట. చలికాలమంతా. మల్లెకి నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు ఆపి ఎండబెట్టాలి. అప్పుడే పూత. నాన్న ఆ రెండు నెలలూ ఆపేవారని అమ్మ గమనించలేదు.

ఈసారి సంవత్సరికం అవగానే నీళ్లు ఆపించా. "ఎండిపోతాయేమోనే" అని అమ్మకి ఒకటే బెంగ. జనవరిలో అడుగున్నర ఎత్తుకి కత్తిరించి, పిన్ని వాళ్ల మేకల్ని వదిలాం. మిగిలిన ఆకు అవే తినేశాయి. తర్వాత మొదళ్లు తవ్వి, ఘనజీవామృతం వేసి నీళ్లు మొదలుపెట్టాం. మార్చి రెండో వారానికి మొగ్గ. మొగ్గ తొలిచే పురుగు కనిపించగానే నీమాస్త్రం కొట్టాం, వారం తేడాతో రెండుసార్లు. తెల్లారకముందే అమ్మ మొగ్గలు కోసి, దండ కట్టి, ముందు నాన్న ఫొటోకి వేసింది. మిగిలినవి బస్టాండులో పూలమ్మే ఆవిడ మూరల లెక్కన తీసుకుంది. ఆ డబ్బులు అమ్మ డబ్బాలో విడిగా దాచుకుంది. ఎంతో నేను అడగలేదు.

ఉగాది నాడు

మార్చి 30న ఉగాది. తమ్ముడు, మరదలు, పాప ముందురోజే వచ్చారు. పచ్చడికి వేపపూత, మామిడికాయ మన పెరట్లోవే. మధ్యాహ్నం బెండకాయ వేపుడు, బీరకాయ పప్పు, లేత సొరకాయ పులుసు. మార్చి నెలంతా అమ్మ కొన్న కూరగాయలు ఉల్లిపాయలు, బంగాళాదుంపలే. రెండుపూటలా వండుతోంది. ఆ విషయం పిన్నే చెప్పింది.

సాయంత్రం తమ్ముడు పెరడంతా తిరిగి వచ్చాడు. "బాగుందక్కా. కానీ అమ్మకి రాత్రి ఏమైనా అయితే?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జీవామృతం లాంటి జవాబేం లేదు. కూరగాయలు కాశాయి కాబట్టి వాడిది తప్పు, నాది రైటు అనీ కాదు.

మేమిద్దరం మాట్లాడుకుంటుంటే అమ్మ గడప దగ్గర కూర్చుని వింటోంది. "రోడ్డు వైపు నాలుగు సెంట్లు కావాలంటే అమ్ముకోండి. మల్లెల నుంచి ఇటు మాత్రం ముట్టుకోవద్దు. ఎండలు ముదిరాక రెండు నెలలు నీ దగ్గరికి వస్తా. తొలకరికి మళ్లీ దింపేయాలి, చిక్కుడు పెట్టాలి" అంది. ఏడాదిన్నరలో అమ్మ రేపటి గురించి మాట్లాడటం అదే మొదలు. తమ్ముడు తలూపాడు. అమ్మకం మాట దసరాకి చూద్దామన్నాం.

అమ్మ వెళ్లే రెండు నెలలూ నీళ్లెవరు పెడతారన్నది ఇప్పుడు నా సమస్య. డ్రిప్పు వేద్దామా, పిన్నికి అప్పజెబుదామా అని చూస్తున్నా. ఏం చేశామో వచ్చే వీడియోలో చూపిస్తా. ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పది సెంట్లు ఉన్నా మూడు సెంట్లతోనే మొదలుపెట్టండి. మొదటి మడిలో తోటకూర చల్లండి. ఆ తర్వాత ఏం వేయాలో వాళ్లనే అడగండి.