హాస్టల్‌కు మెష్ రూటర్ కొనేముందు



ఉప్పల్, నాచారం వైపు హాస్టళ్ళలో చాలామంది చెప్పే బాధ ఒకటే. రూటర్ ఆఫీసు గదిలో ఉంటుంది, పై అంతస్తు చివరి గదికి సిగ్నల్ అందదు. ఈ-పాస్ దరఖాస్తు ఆఖరి రోజున అందరూ మెట్ల మీదే కూర్చుంటారు.

దీనికి మందు మెష్. మెష్ అంటే వల. రెండు మూడు పెట్టెలు ఒకదానికొకటి సిగ్నల్ అందించుకుంటూ భవనమంతటికీ ఒకే పేరుతో వైఫై ఇస్తాయి.

అమెరికాలో ఉన్న అన్నలు అక్కడినుంచి తెచ్చిస్తామంటే అది వారి మంచి మనసు. కానీ వైఫై కూడా రేడియోయే. ఏ తరంగాలను ఎంత శక్తితో వాడాలో ఏ దేశానికా దేశం నిర్ణయిస్తుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లో, 5 గిగాహెర్ట్జ్‌కు 2018లో లైసెన్సు అవసరం తొలగించారు. అమెరికాలో 2020లో 5925 నుంచి 7125 మెగాహెర్ట్జ్ దాకా అనుమతించారు. మన దగ్గర అంత మేర అనుమతి లేదు. అక్కడ అమ్మే రూటర్‌ను అక్కడి నిబంధనలకే అమర్చి ఉంచుతారు.

కనుక ఇక్కడే బిల్లుతో కొనండి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగపు ఈటీఏ ఆమోదం ఆ మోడల్‌కు ఉందా అని అడగండి.

రెండో పెట్టెను సిగ్నల్ అందని గదిలో కాక, బాగా అందే సగం దారిలో పెట్టండి. వీలైతే కేబుల్‌తో కలపండి.

అన్నలారా, రూటర్ బదులు దాని ఖరీదు పంపండి. తమ్ముడు తన గదిలోనే కూర్చుని దరఖాస్తు పెట్టుకుంటాడు.