ఇంటికొక డిష్, గదికొక పద్దు

ఆత్మకూరులో మా ఇంట్లో మూడు టీవీలు. ముందుగదిలో పెద్దది, అమ్మ గదిలో పాతది, మేడమీద పిల్లలది ఒకటి. సాయంత్రం ఏడయ్యేసరికి మూడూ మూడు దారులు పడతాయి. అమ్మకు సీరియల్, నాకు వార్తలు, పిల్లలకు ఆటలు. "ఒక్క టీవీ ఉన్న రోజుల్లో పోట్లాడుకునేందుకైనా అందరం ఒకచోట చేరేవాళ్లం" అంటుంది మా ఆవిడ. ఆ మాట అటుంచి, నెల తిరిగేసరికి వచ్చే పద్దు సంగతేమిటి?

ఈ లెక్క నా నెత్తిన పడడానికి కారణం ఉదయగిరిలో ఉన్న మా బావ. వాళ్ల ఇంట్లోనూ మూడు టీవీలే. "చదువుకున్నవాడివి, ఏ కంపెనీ చవకో తేల్చిపెట్టు బావా" అన్నాడు. నేను చదివింది తెలుగు ఎమ్మే. గురులఘువులు లెక్కపెట్టడం వచ్చునే గాని రూపాయలు లెక్కపెట్టడం నాకు కొత్త. అయినా కాగితం, పెన్సిలు పుచ్చుకున్నాను.

పేర్లు అయిదు కనిపించాయి గాని కంపెనీలు నాలుగే. టాటా ప్లే (2022 దాకా టాటా స్కై), ఎయిర్‌టెల్, సన్ డైరెక్ట్, డిష్ టీవీ. అయిదో పేరైన డీ2హెచ్ 2018లోనే డిష్ టీవీలో కలిసిపోయింది. ఊళ్లో అంగళ్లకు పోయి అడిగితే మొదటి టీవీ ధర గడగడా చెప్పారు. రెండో టీవీ అనేసరికి గొంతు తగ్గింది. మూడోది అనగానే, "అది పెట్టించుకునేటప్పుడు చూద్దాం లెండి సార్!" అన్నారు. కిటుకంతా అక్కడే ఉందని నాకు అనుమానం వచ్చింది.

మనం కట్టే డబ్బులో రెండు పాళ్లున్నాయి. సంతకు పోయి సరుకు తెచ్చుకుంటే బండి బాడుగ వేరు, సరుకు ధర వేరు గదా, అలాగన్నమాట. బండి బాడుగ లాంటిదాన్ని నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు అంటారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో కొత్త పద్ధతి అమలులోకి తెచ్చినప్పుడు, నూరు ఛానళ్లకు దాన్ని 130 రూపాయలకు మించనివ్వలేదు. 2020లో అదే 130కి రెండువందల ఛానళ్లు ఇమ్మంది. ఒకే మనిషి పేర ఒకే ఇంట్లో ఒకటికి మించి టీవీలుంటే, రెండోదాని నుంచి ఒక్కొక్కదానికి ఈ ఫీజులో నూటికి 40 పాళ్లకు మించి తీసుకోరాదని కూడా చెప్పింది. అంటే 52 రూపాయలు.

బావ ఎగిరి గంతేశాడు. "అయితే నీ పేరనే ఇంకో కనెక్షను తీసి, ఆ పెట్టె ఉదయగిరిలో పెట్టుకుంటాం!"

"అది గదుల మధ్య రాయితీ బావా, ఊళ్ల మధ్య కాదు" అన్నాను. ఆ పూట ఫోనులో మాట పొడిపొడిగా సాగింది.

అసలు విషయం సరుకు ధర దగ్గరుంది. రాయితీ బాడుగకే గాని ఛానళ్లకు కాదు. 2019లో స్టార్ మా, జీ తెలుగు, జెమిని ఒక్కొక్కటి 19 రూపాయలు, ఈటీవీ 17, కలిపి 74. లెక్క తెలియడం కోసం ఆ ధరలే పట్టుకుందాం. మూడు గదుల్లోనూ ఈ నాలుగూ పెట్టిస్తే ఛానళ్లకు 222, ఫీజు 234, పైన నూటికి 18 పన్ను, వెరసి 538 రూపాయల 8 పైసలు. ఒక్క గదిలోనే పెట్టించి మిగతా రెండింటికీ ఉచిత ఛానళ్లతో సరిపెట్టుకుంటే 363 రూపాయల 44 పైసలు. నెలకు 174 రూపాయల తేడా, ఏడాదికి రెండువేల పైమాటే. కంపెనీ మారిస్తే ఇంత మిగులుతుందని నాకు నమ్మకం లేదు.

2024 జూలైలో ట్రాయ్ ఆ ఫీజుకున్న పరిమితి ఎత్తివేసింది. కాబట్టి 130, 52 అని పట్టుకు కూర్చోకుండా, రెండో గదికి ఇవాళ ఎంతో, ఏ గదికి ఏ ఛానళ్లు కావాలో విడిగా ఎంచుకోవచ్చునో లేదో ముందే అడిగి రాయించుకోవాలి. కొత్త పెట్టె ధర, వైరు ఖర్చు కూడా. మిద్దెమీద డిష్ ఒక్కటే చాలు. దాని ముందుండే ఎల్.ఎన్.బి.కి ఎక్కువ దారులున్నది బిగించి గదికొక వైరు దింపుతారు. ఒక్క పెట్టె నుంచే రెండు టీవీలకు వైరు లాగితే ఖర్చు తగ్గుతుంది గాని, అమ్మ ఏది చూస్తే పిల్లలూ అదే చూడాలి.

నెల చందా అసలే వద్దనుకుంటే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, పెట్టె కొనుక్కుంటే సరి. తెలుగుకు సప్తగిరి వస్తుంది గాని ఎక్కువ భాగం హిందీ ఛానళ్లే.

ఈ లెక్కలన్నీ ఒకరాత్రి ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "నా పెట్టె తీసేయండి నాయనా. నాకేంది, ముసలిదాన్ని. ఆ డబ్బు పిల్లల పుస్తకాలకన్నా వస్తుంది" అంది.

ఎవరం మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పులతో వాకిలి దాటడమే కష్టమైన మనిషి. పొద్దు పోవడానికి ఆమెకున్నది ఆ పెట్టె ఒక్కటే. నేను చూసేది వార్తలు. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు ఉచితంగానే వస్తాయి. మరి ముందుగదిలో 74 రూపాయలెందుకు పోస్తున్నట్టు? గొప్పకు!

మర్నాడే పెట్టెలు తారుమారు చేయించాను. మొదటి కనెక్షను, నాలుగు ఛానళ్లూ అమ్మ గదికి పోయాయి. మేడమీద ఒక్క ఆటల ఛానల్ ఉంచాం. ముందుగదికి ఉచితాలే. పెద్ద టీవీలో సీరియల్ రాదని మా ఆవిడ రెండురోజులు ముఖం ముడుచుకుంది. మూడోరోజు చిక్కుడుకాయల చేట తీసుకుని అమ్మ మంచం పక్కన చేరింది. ఇప్పుడు ఏడింటికి ఆ గదిలో కుర్చీ చాలడం లేదు.

బావ కూడా ఉదయగిరిలో ఇలాగే మార్పిస్తానన్నాడు. అయితే ఏ గదిలో ఛానళ్లు ఉంచాలన్న దగ్గర అక్కకూ ఆయనకూ ఇంకా తెగలేదట.