క్రూయిజ్‌లో పిల్లలతో డిన్నర్... ఏ విడత మేలు?
పెద్ద క్రూయిజ్ నౌకల్లో రాత్రి భోజనం తరచూ రెండు విడతలుగా ఉంటుంది. మొదటిది సాయంత్రం 5.30-6 గంటల ప్రాంతంలో, రెండోది 8 దాటాక. పిల్లలు పెందలాడే తిని పడుకుంటారని చాలామంది మొదటిదే ఎంచుకుంటారు. అయితే సింగపూర్‌లో నౌక ఎక్కే భారతీయ కుటుంబాలు కాలమానం తేడా చూసుకోవాలి. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 5.30 అంటే ఇక్కడ మధ్యాహ్నం 3. పిల్లలకు అప్పటికి ఆకలే వేయదు. రాత్రి 8.30 అంటే మనకు సాయంత్రం 6. మూడు, నాలుగు రాత్రుల యాత్రలో పిల్లలు కొత్త వేళలకు అలవాటుపడటం కష్టం. అందుకే వారికి రెండో విడతే నయం. మర్నాడు పొద్దున్నే ఓడ దిగి ఊరు చూడాలనుకుంటే మాత్రం, ఆ రాత్రికి బఫేలో త్వరగా తినిపించి పడుకోబెట్టడం మంచిది. సీట్లు పరిమితం కాబట్టి విడతను బుకింగ్ సమయంలోనే ఖరారు చేసుకోవాలి.